ఏపీఐ వెయిటర్ కాదు

"మీ అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ విషయం నీకు రానట్టే." ఈమధ్య ఒక డిజైన్ మీటింగ్‌లో ఓ సీనియర్, కొత్తగా చేరిన అమ్మాయితో అన్న మాట ఇది. రెండు సర్వీసుల మధ్య ఏ మెసేజ్ ముందు వెళ్తుందో, ఏది తప్పిపోతే ఏమవుతుందో ఆమె బోర్డు మీద బాణాలు గీసి శుభ్రంగా చెబుతోంది. ఆయనకు అది ఆనలేదు. హోటల్ కథ కావాలి. ఆ కథ చెప్పించాకే కూర్చోనిచ్చారు.

నాకు ఒళ్లు మండింది. ఆ కోడ్ రాయాల్సింది అమ్మమ్మ కాదు. అర్ధరాత్రి అది ఆగిపోతే లేచి చూడాల్సిందీ ఆమె కాదు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి యూట్యూబ్ పాఠాల దాకా ఏపీఐ అంటే ఒకటే పాట: మీరు కస్టమర్, వంటగది సర్వర్, మధ్యలో ఆర్డర్ మోసే వెయిటరే ఏపీఐ. వినడానికి హాయిగానే ఉంటుంది. మరి డబ్బు చెల్లించే రిక్వెస్ట్ పంపాక జవాబు రాలేదనుకోండి. టైమవుట్. రిక్వెస్ట్ అసలు చేరలేదా, లేక చేరి పని జరిగాక జవాబు దారిలో పోయిందా? ఆ టైమవుట్‌ను చూసి పంపినవాడు చెప్పలేడు. డిజైన్‌లో అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఊరికే మళ్లీ పంపితే ఖాతాలోంచి రెండోసారి డబ్బు పోవచ్చు. అందుకే ప్రతి చెల్లింపుకూ పంపేవాడే ఒక ప్రత్యేక నంబరు పెట్టాలి, మళ్లీ పంపినా అదే నంబరుతో పంపాలి. సర్వర్ ఆ నంబరును డేటాబేస్‌లో వెతికి, పని అయిపోయి ఉంటే పాత జవాబే తిరిగి ఇవ్వాలి. ఆ నంబరు రాసుకోవడం, ఖాతాలోంచి డబ్బు తీయడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. లేదంటే ఆ రెండింటి మధ్య సర్వర్ పడిపోయినప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇందులో ఒక్క ముక్కైనా వెయిటర్‌ను తలుచుకుంటే తడుతుందా? తట్టదు. పైగా ఆ పోలిక విన్న కుర్రాడు ఏపీఐ వచ్చేసిందనుకుని రీట్రై లూప్ రాసి వెళ్లిపోతాడు. ఎవరి డబ్బో రెండుసార్లు పోయాక మిగతావాళ్లం లాగ్‌లు ముందేసుకుని కూర్చుంటాం.

క్లాస్ అంటే ఇంటి ప్లాన్, ఆబ్జెక్ట్ అంటే కట్టిన ఇల్లు అనేది ఇంకో పాఠం. పైథాన్‌లో ఆబ్జెక్ట్‌లు తయారయ్యాక క్లాస్‌కు కొత్త మెథడ్ తగిలించినా, పాత ఆబ్జెక్ట్‌లు దాన్ని వాడుకోగలవు. ప్లాన్ దిద్దితే కట్టిన ఇంటికి కిటికీ రాదు.

పెద్దవాళ్లూ పోలికలు వాడారు కదా అంటారు. వాడారు. వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో కోడ్‌ను అప్పుతో పోల్చారు. ఆయన చేస్తున్నది ఆర్థిక లావాదేవీల సాఫ్ట్‌వేర్, చుట్టూ ఉన్నవాళ్లకు అప్పు సంగతి క్షుణ్ణంగా తెలుసు. ఇవాళ ప్రతి చెత్త కోడ్‌కూ ఆ పేరే తగిలిస్తున్నారు. కెంట్ బెక్ 1999లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పుస్తకంలో పోలికనే ఒక పద్ధతిగా పెట్టారు. 2004 నాటి రెండో కూర్పు పద్ధతుల్లో అది లేదు. కంప్యూటింగ్ పూర్తిగా కొత్త సంగతి, పాత అనుభవాలతో పోల్చి నేర్పితే లాభం లేదు అని డైక్‌స్ట్రా 1988లోనే వాదించారు. మనవాళ్లు చెవిన పెట్టలేదు.

మరేం చేయాలంటారా? ఉన్నదాన్ని ఉన్నట్టే చూపించాలి. రిక్వెస్ట్ పంపి, సగంలో సర్వర్‌ను ఆపి, టేబుల్‌లో వరుస మారిందో లేదో పిల్లల చేతే చూపించాలి. దీన్ని సిలబస్‌లో ఎలా ఇమడ్చాలో పాఠం చెప్పేవాళ్లు ఆలోచించుకోవాలి.

నేర్చుకుంటున్నవాళ్లకు మాత్రం ఒక మాట. మాస్టారు పోలిక అందుకోగానే, "జవాబు రాకపోతే ఏమవుతుంది సార్?" అని అడగండి. సమాధానం కోడ్‌లో చూపించేదాకా వదలకండి.