చొక్కాపై పేరుంటే చిన్నతనమా?

పండుగకో పిండివంట ఉన్నట్లే, ఈ రోజుల్లో వస్తువుకో దినం వచ్చిపడింది. ఆ వరుసలో పేరు బ్యాడ్జీకి కూడా ఒక రోజు ఉన్నదంటే చాలామందికి చోద్యంగా తోచవచ్చు. అమెరికాలో జెర్రీ హిల్ అనే ఆయన 1997లో పేర్ల వారోత్సవం ఒకటి మొదలుపెట్టారు. ఏటా మార్చిలో మొదటి పూర్తి వారం జరుపుకునే ఈ సరదా వేడుకలో గురువారం బ్యాడ్జీల దినం. ఆ రోజు అందరూ తమ పేరు రాసి చొక్కాకు తగిలించుకోవాలన్నమాట.

పుట్టి పెరిగిన ఊళ్లో పేరు రాసుకు తిరగవలసిన అగత్యమేమిటని కలికిరి వాసులు నవ్వవచ్చు. నిజమే. ఇంటిపేరు చెబితే మూడు తరాల సంగతులు చెప్పే పెద్దలు మనకున్నారు. అయితే ఇంటి గడప దాటి కార్యాలయం మెట్లెక్కితే కథ మారుతుంది.

పాసుపుస్తకం కోసమో, పింఛను కోసమో పల్లె నుంచి వచ్చిన పెద్దాయనను ‘రేపు రా’ అంటారు. మరునాడు వస్తే ‘ఎవరు రమ్మన్నారు?’ అని ప్రశ్న. ‘కళ్లద్దాల సారు చెప్పినాడు సామీ’ అంటాడాయన. ఆ గదిలో నలుగురికి కళ్లద్దాలున్నాయి. పోనీ ఎర్ర చొక్కా సారు అందామంటే, ఆయన ఈరోజు తెల్ల చొక్కా వేసుకున్నారు. పేరు తెలియని మాటకు పూచీ ఎవరిది? బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి పోగొట్టుకుని పెద్దాయన ఇంటిముఖం పట్టవలసిందే.

పేరు చూపమనడం గొంతెమ్మ కోరిక కాదు. అరెస్టు చేసే పోలీసులు పేరు, హోదా స్పష్టంగా కనిపించే బ్యాడ్జీ ధరించాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఆదేశించింది. అధికారుల, ఉద్యోగుల పట్టికను ప్రతి ప్రభుత్వ కార్యాలయం ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం చెబుతోంది. అంతెందుకు, మన కలికిరిలో 2014లో ఏర్పడిన సైనిక పాఠశాల పిల్లలు యూనిఫారంపై పేరు ధరిస్తారు. పన్నెండేళ్ల బాలుడికి లేని బిడియం పెద్దలకెందుకు?

పేరు కనబడితే ప్రతివారూ వేలెత్తి చూపుతారని ఉద్యోగులకు జంకు ఉండవచ్చు. కాని పేరు లేనందున మంచి పేరు కూడా దక్కకుండా పోతోంది. రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న నర్సమ్మ పేరేమిటో రోగికి తెలియదు. తెల్లవారకముందే వీధి ఊడ్చే తల్లిని ‘ఏయ్’ అని పిలిచేవారే ఎక్కువ. ఆమెకూ ఒక పేరుందని బ్యాడ్జీ గుర్తుచేస్తుంది.

మరో చిక్కు కూడా ఉంది. మెడలో గుర్తింపు కార్డు ఉన్నవారిలో కొందరు దానిని జేబులో దాస్తారు. బయటికి కనిపించినా అక్షరాలు చీమ తలకాయంత. అవీ ఇంగ్లీషులో. తెలుగును అధికార భాషగా 1966లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో రైతు చదవలేని పేరు ఎవరికోసం?

అందువల్ల ప్రజలతో పనిపడే ప్రతి కార్యాలయంలో, ఆసుపత్రిలో సిబ్బంది పేరు, హోదా తెలుగులో పెద్ద అక్షరాలతో ధరించేలా సంబంధిత అధికారులు శ్రద్ధ వహించాలి. ఇందుకు నిధులు మంజూరు కావలసిన పనిలేదు. చిన్న అట్టముక్క, ఒక పిన్నీసు చాలు. సరదాకే మొదలుపెట్టినా మంచిదే. గురువారం తగిలించుకున్న బ్యాడ్జీని శుక్రవారం తీయకుండా ఉంటే అదే పదివేలు.