ఒక్క రోజు, ఒక్క ఏరు

హైదరాబాదు నుంచి మా చెల్లెలి కొడుకు పంపిన పట్టిక ఇది: పొద్దున ఆరింటికి కర్నూలు, ఎనిమిదిన్నరకు బెలూం గుహలు, పదకొండుకు యాగంటి, ఒంటిగంటకు మహానంది, మూడింటికి అహోబిలం, రాత్రికి తిరిగి కర్నూల్లో భోజనం. కింద ఒక ప్రశ్న: "పెద్దమ్మా, ఒక్క రోజులో సరిపోతుంది కదా?"

సరిపోతుంది నాయనా, కారు దిగకుండా ఉంటే. ఈ చుట్టు మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. బెలూం గుహల పొడవే 3,229 మీటర్లు. అందులో మనల్ని నడవనిచ్చేది కొంత భాగమే అయినా ఆ ఉక్కకు చెమటలు కారి బయటపడేసరికి సగం పూట గడుస్తుంది. అహోబిలంలో ఉన్నది తొమ్మిది మంది నరసింహులు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని దాకా ఎక్కి దిగినోళ్లు ఆ రోజుకు ఇంకెక్కడికీ పోలేరు. గుడి ముందర సెల్ఫీ, తర్వాతి గుడి ముందర సెల్ఫీ. దీనికి అంత డీజిలెందుకు?

నేను సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. నా మాట ఒకటే. కర్నూలుకు ఒక్క రోజే ఉంటే తుంగభద్ర గట్టు విడవొద్దు. బెలూం, అహోబిలం, యాగంటి, మహానంది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. వాటికి నంద్యాలలో దిగండి, రెండు రోజులు పెట్టుకోండి. కర్నూలుకు వచ్చి కర్నూలు చూడకుండా పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నలభై నాలుగో నంబరు హైవే మీద బెంగళూరుకు పోయే కార్లన్నిటికీ మా ఊరు టీ తాగే చోటు మాత్రమే.

రాయలసీమలో దూరం కన్నా ముందు ఎండ లెక్క చూసుకోవాలి. పదకొండు దాటితే గుడి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా అడుగు వేయలేరు. వేసవి సంగతి సరే, నవంబరులో కూడా మధ్యాహ్నం రాయి కాలుతుంది. అందుకే తెల్లారకముందే బయలుదేరి మొదట ఏరు దాటండి. పాతిక కిలోమీటర్ల చిల్లరలో అలంపురం ఉంది.

అలంపురం తెలంగాణది, దాన్ని కర్నూలు లెక్కలో ఎట్లా వేస్తావంటారు. మధ్యలో ఉన్నది ఒక్క వంతెన. తుంగభద్ర ఇక్కడ చాలా కాలం సరిహద్దుగానే బతికింది. ఇటు మద్రాసు వాళ్ల ఏలుబడి, అటు నిజాం. 1956లో గీత చెరిగిపోయింది, 2014లో మళ్లీ పడింది. ఆ గీత పడకముందు, ఎంతో ముందు, ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు ఆ గట్టున తొమ్మిది గుళ్లు కట్టారు. పేరుకు నవబ్రహ్మలు, లోపల అందరూ శివుళ్లే. పూజలకు వచ్చే జనం బాలబ్రహ్మను, పక్కన జోగులాంబను చూసుకొని కారెక్కుతారు. మీరు మాత్రం స్వర్గబ్రహ్మ గుడి చుట్టూ నిదానంగా ఒక చుట్టు తిరగండి. వినయాదిత్యుడి కాలం నాటిది. మూలమూలకూ దిక్పాలకులు నిలబడి ఉంటారు. పొద్దుటి ఎండ పక్క నుంచి పడే ఆ గంటలోనే చెక్కడం లోతు తెలుస్తుంది. తల మీద సూర్యుడు వచ్చాక అంతా చదునైపోతుంది, ఎంత మంచి ఫోన్ ఉన్నా ఫోటో రాదు. శిఖరాలు కూడా మన దక్షిణాది గోపురాల మాదిరి మెట్లుమెట్లుగా ఉండవు. ఒడిశాలో కనిపించేటట్టు వంపు తిరిగి పైకి పోతాయి, నెత్తిన ఉసిరికాయ లాంటి రాతిబిళ్ల. తారకబ్రహ్మ ఒక్కటే వేరే పద్ధతిలో కట్టింది. ఎందుకో పిల్లల్ని అడగండి, వాళ్ల ఊహలు మన పుస్తకాల కన్నా బాగుంటాయి.

ఊరి బయట ఇంకొక గుడి ఉంది, సంగమేశ్వరాలయం. అది అక్కడ పుట్టింది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. శ్రీశైలం డ్యాము నీళ్లు మీదికొస్తాయని రాయి రాయికీ నంబరేసి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కింద 1980ల మొదట్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. గుళ్లకు నంబర్లు వేసి మోసుకొచ్చినోళ్లు ఉన్నారు. ఆ ఊళ్ల మనుషులు మాత్రం మూటలు వాళ్లే మోసుకున్నారు. నా క్లాసులో ముంపు గ్రామాల పిల్లలు కూర్చునేవాళ్లు. మీ ఊరేదని అడిగితే లేని ఊరి పేరు చెప్పేవాళ్లు.

పదింటికల్లా కర్నూలు తిరిగిరండి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. బొరుగులు బాగా నాని, పుట్నాలపొడి దండిగా పడిన ఉగ్గాని పొద్దున పదకొండు దాటితే మంచి బండ్ల దగ్గర దొరకదు. తర్వాత కొండారెడ్డి బురుజు. స్టేషన్లో దిగి బురుజని అంటే చాలు, ఆటో ఆయన "ఒక్కడు సినిమా బురుజేనా మేడం?" అంటాడు. 2003 నుంచీ అది మహేశ్‌బాబు బురుజే. నాకేం బాధ లేదు, ఆ పేరుతోనైనా నాలుగు మెట్లెక్కుతారు. విజయనగర కాలపు కోటలో మిగిలిన ముక్క అది. లోపలి నుంచి ఏటి కింద గద్వాల దాకా సొరంగముందని ఊళ్లో ప్రతి ముసలాయనా చెప్తాడు. వినండి, నమ్మాల్సిన పని లేదు.

బురుజు ఎక్కి ఊరిని చూసేటప్పుడు ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. 1953 అక్టోబరు 1న నెహ్రూ వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించింది ఈ ఊళ్లోనే. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, డేరాల్లో ఆఫీసులు. మూడేళ్ల రాజధాని. ఆ ఉద్యోగుల కోసం కట్టిన క్వార్టర్లే ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. ఇప్పుడు సి క్యాంపంటే జనానికి రైతు బజారు, టమోటా ధర. ఆ మూడేళ్ల ఫోటోలు, పాత కాగితాలు పెట్టి ఒక గది తెరిస్తే చాలు, కోట్లు పోసి ఇంకొక విగ్రహం పెట్టనక్కర లేదు.

మధ్యాహ్నం ఏమీ పెట్టుకోవద్దు. ఏ పట్టికలోనూ ఈ గడి ఉండదు గానీ ఇదే ముఖ్యం. జొన్నరొట్టె తిని పడుకోండి. నిద్ర రానివాళ్లు కె.సి. కెనాల్ గట్టుకు పోండి. కర్నూలు నుంచి కడప దాకా పోయే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ తవ్వింది. పొలాలకు నీళ్లమ్మొచ్చు, పడవలూ నడపొచ్చని వాళ్ల ఆశ. లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వమే కొనేసింది. నీళ్ల పేరు చెప్పి సీమలో నష్టపోయిన కంపెనీ ఇదొక్కటేనేమో, మిగతా నష్టమంతా రైతులదే.

నాలుగు దాటాక హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్. బిజాపూరు వాళ్ల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి, పదిహేడో శతాబ్దం నాటిది. బిజాపూరు గోల్‌గుంబజ్ చూసినోళ్లు ఇది చిన్నదంటారు. చిన్నదే. కానీ ఇక్కడ పది నిమిషాలు నిలబడితే మన వెంట ఎవరూ పడరు. అక్కడ నుంచి పాతబస్తీ సందుల్లో నడవండి. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఈ సందుల్లోకి వచ్చాయి. ఇక్కడి వాళ్లనెవరినైనా నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడగండి, చెయ్యి తలకన్నా పైకి పోతుంది. సీమ అంటే కరువేనని అనుకునే మా బంధువులకు నేను తప్పకుండా చూపించేది ఈ వీధే.

పొద్దు వాలే వేళకు జగన్నాథగట్టు. రూపాల సంగమేశ్వరాలయాన్ని కూడా ముంపు నుంచి విప్పి తెచ్చి ఈ గట్టు మీదే నిలబెట్టారు. పొద్దున అలంపురంలో ఒక గుడి, సాయంత్రం ఇక్కడ ఒకటి. ఒకే డ్యాము తరిమితే ఒకటి ఆ రాష్ట్రంలో, ఒకటి ఈ రాష్ట్రంలో పడ్డాయి. ఈ రెంటినీ కలిపి చూపించే టూరిస్టు మ్యాపు నా కంట పడలేదు. వీళ్ల మ్యాపు ఏటి దగ్గర ఆగిపోతుంది, వాళ్లది ఏటి దగ్గర మొదలవుతుంది.

జపాన్‌లో క్యోటో కూడా మా ఊరి లాగే పాత రాజధాని. దానికీ, చుట్టుపక్కలకూ కలిపి పదిహేడు చోట్లు 1994లో యునెస్కో జాబితాకెక్కాయి. అక్కడ ఊరంతా తిరిగేదానికి ఒకే రోజు బస్సు పాసు ఉండేది. అందరూ అదే కొనుక్కొని అవే గుళ్ల మీద పడేసరికి ఊరి ముసలివాళ్లకు బస్సులో చోటు లేకపోయింది. చివరికి 2024 మార్చి తర్వాత ఆ పాసు చెల్లకుండా చేశారు. మా వాడు అక్కడికీ ఇట్లాంటి పట్టికతోనే పోయాడు. వచ్చాక చెప్పిందల్లా క్యూల గురించే. క్యోటో తీసేసిన పాసు మాకు ఇయ్యండి చాలు. కర్నూలు బస్టాండు నుంచి అలంపురానికి బస్సులు ఉన్నాయి, కాదనను. ఆదివారాలు మాత్రం తెల్లవారుజామున ఒకటి పోయి పదింటికి తిరిగి రావాలి, సాయంత్రం అదే టికెట్టు మీద గుమ్మజ్ నుంచి జగన్నాథగట్టుకు తిప్పాలి. అంతర్రాష్ట్ర ఒప్పందాలు రెండు ఆర్టీసీలకూ కొత్తవి కావు. ప్రతి చోటా తాగునీళ్లు, ఆడవాళ్లు వాడుకోగలిగే మరుగుదొడ్డి, కాస్త నీడ ఉండాలి. లైటింగు, లేజర్ షో తర్వాత చూసుకోవచ్చు. ఊరు చూడకుండా దాటిపోతారనే బాధ కడప వాళ్లకూ ఉంది. గండికోటకు పోయేవాళ్లు దేవుని కడప, అమీన్ పీర్ దర్గా ఒకే ఊళ్లో ఉన్నా కిటికీలో నుంచి కూడా చూడరు.

ఇవన్నీ విని మా వాడు అడిగాడు: "మరి జగన్నాథగట్టు మీది గుడి మొదట ఉన్న సంగమేశ్వరం చూడలేమా పెద్దమ్మా?" చూడొచ్చు, కానీ అదే రోజు కుదరదు. అక్కడ వేపదారు లింగమున్న గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయం అడుగునే ఉంటుంది. ఎండలు ముదిరి నీళ్లు తగ్గాక బయటపడుతుంది, కృష్ణకు వరద రాగానే మళ్లీ మునుగుతుంది. దానికి సెలవు ముందే పెట్టుకుంటే లాభం లేదు. డ్యాము నిండు మట్టం 885 అడుగులు. ఈరోజు ఎంత ఉందో పేపర్లో వేస్తారు. అది బాగా కిందికి దిగిన వారం చూసుకొని నాకు ఫోన్ చెయ్యి.