జీపు వెనక హిచ్ పెట్టించే ముందు ఒక్క లెక్క వేసుకోండి

పైన వీడియోలో నా పాత బొలెరో వెనక బిగించిన హిచ్ చూశారు కదా. దాని గురించి చాలామంది అడుగుతున్నది ఒకటే: "అన్నా, ఎన్ని టన్నులు లాగుతాది?" నన్నడిగితే ఈ ప్రశ్నే తప్పు. అడగాల్సింది ఏమిటంటే, అసలు మనం ఏం లాగుతున్నాం? ఎందుకు లాగుతున్నాం?

మనలో చాలామందికి ఆవులు ఊళ్ళో ఇంటి దగ్గర ఉంటాయి, పొలం దూరంగా ఉంటుంది. నాది తొమ్మిది కిలోమీటర్లు. జీవామృతం ఇంటి దగ్గర కలపడం, డ్రమ్ములకెత్తి పొలానికి తోలడం అలవాటైపోయింది. ఎద్దుల బండి పోయింది. ట్రాక్టరు బాడుగ పెరిగింది. ఇంట్లో బొలెరోనో థారో పాత జిప్సీనో ఉంది, దానికే చిన్న ట్రాలీ తగిలిస్తే సరిపోతుందని అనుకుంటాం. అంతవరకు మంచి ఆలోచనే. ట్రాక్టరు కంటే తేలిక బండి కాబట్టి నేల తక్కువ తొక్కుడు పడుతుంది, డీజిలు కలిసొస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే.

లెక్క చూడండి. ఎకరాకి జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. డ్రమ్ముతో కలిపి సుమారు 230 కిలోలు. ఐదెకరాలకి ఐదు డ్రమ్ములు, 1150 కిలోలు. ట్రాలీ సొంత బరువు ఓ 300 వేసుకోండి. మొత్తం 1450 కిలోలు. దాదాపు మీ బండంత బరువుని బండి తోకకి కడుతున్నారన్నమాట.

ఇప్పుడు ఇందులోంచి నీళ్ళు తీసేయండి. మిగిలింది ఎకరాకి 24 కిలోలు. ఐదెకరాలకి 120. దానికి ట్రాలీ కూడా అక్కర్లేదు, వెనక సీటు మడిచి పెట్టుకుపోవచ్చు. బోరు పొలంలోనే ఉంది. అంటే మనం హెవీ డ్యూటీ హిచ్ పెట్టించి మోస్తున్నది నీళ్ళని. నీళ్ళున్న చోటికి నీళ్ళు మోస్తున్నాం! డ్రమ్ములు పొలంలో చెట్టు నీడన పెట్టుకుని అక్కడే కలుపుకుంటే ఈ బరువంతా పోతుంది.

"రోజుకి రెండుసార్లు కలియబెట్టాలి కదా, ఎవరు పోతారు?" అంటారు. నిజమే, పొలంలో మనిషి లేనివాళ్ళకి అది కష్టమే. పశువులు డ్రమ్ము తన్నేస్తాయి, గోనెపట్టా కూడా ఎత్తుకుపోయే దొంగలున్నారు. అయినా నా అభిప్రాయం మారలేదు. వీలైనవాళ్ళు పొలంలోనే కలపండి. వీలుకానివాళ్ళు ఒక్కో తడవకి ఒకటి రెండు డ్రమ్ములే తీసుకెళ్ళండి. ఐదు డ్రమ్ములు ఒకేసారి లాగగలిగే హిచ్ కోసం వెతకొద్దు.

అయితే హిచ్చే వద్దంటున్నానా? లేదు. ఘనజీవామృతం ఉంది, ఎకరాకి 200 నుంచి 400 కిలోల దాకా వేసేవాళ్ళున్నారు. మల్చింగ్‌కి ఆకులూ అలములూ, పంట వచ్చాక మూటలూ ఉంటాయి. నేను పెట్టించింది ఇందుకే. ట్రాలీతో సహా 700 కిలోలు దాటనివ్వను. ఈ అంకె ఊరికే చెప్పలేదు. ఐరోపాలోనూ ఆస్ట్రేలియాలోనూ బ్రేకులు లేని ట్రెయిలరుకి 750 కిలోల దాకానే అనుమతి. మన ట్రాలీల్లో బ్రేకు ఎక్కడుంది? జీపు బ్రేకు తొక్కితే ఆగేది జీపు. వెనకున్నది తోసుకుంటూ వస్తుంది. ఘాటు దిగేటప్పుడు అది తెలుస్తుంది.

ఇక అసలు సంగతి, బిగించడం. నేను మొదట అడిగిన వెల్డింగ్ షాపులో కుర్రాడు బండి వెనక్కి వంగి చూసి, "ఏం కాదన్నా, బంపరుకి ఒక ప్లేటు వేసి వెల్డింగ్ కొట్టేస్తా, ఏనుగుని కట్టినా లాగుతాది" అన్నాడు. వద్దని వచ్చేశాను. ఆ కుర్రాడి పనితనం మీద నాకు అనుమానం లేదు, మా ఊరి గేట్లన్నీ అతను చేసినవే. కానీ బంపరు బరువు లాగడానికి పెట్టిన వస్తువు కాదు. ఛాసిస్ మీద నేరుగా వెల్డింగ్ పెడితే ఆ వేడికి చుట్టుపక్కల ఇనుము గుణం మారుతుంది, సరిగ్గా ఆ అంచునే కొన్నాళ్ళకి పగులు పుడుతుంది. ఆ పగులు రంగు కింద, మట్టి కింద ఉంటుంది. మీకు కనపడదు.

హిచ్ అనేది రెండు ఛాసిస్ పట్టీలనీ కలుపుతూ అడ్డంగా ఒక గట్టి గొట్టం, రెండు పక్కలా ప్లేట్లు, ఆ ప్లేట్లు బోల్టులతో ఛాసిస్‌కి. కంపెనీ వేసిన రంధ్రాలుంటే వాటినే వాడాలి. కొత్తది వేయక తప్పకపోతే పట్టీ నిలువు భాగంలోనే వేయాలి. పైఅంచు, కిందిఅంచు జోలికి పోకూడదు, బరువు మోసేది అవే. ఛాసిస్ డబ్బాలా మూసి ఉంటే బోల్టు బిగించేకొద్దీ రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి. అందుకని లోపల బోల్టు చుట్టూ ఒక గొట్టం ముక్క పెట్టాలి. ఇది చాలా షాపుల్లో చెయ్యరు. అడిగి చేయించుకోండి. రంధ్రం వేశాక పచ్చి ఇనుము మీద ప్రైమరు కొట్టించండి.

బోల్టు తల మీద అంకె చూడటం నేర్చుకోండి. 8.8 అని ఉంటే మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుందని. 4.6 అని ఉంటే 400, సరిగ్గా సగం. రెండూ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. అంకె లేని బోల్టు ఇస్తే పంది గూడుకి వాడుకోమనండి. నైలాన్ లాక్ నట్టు, మందపాటి వాషరు, టార్క్ రెంచితో బిగింపు, మొదటి వంద కిలోమీటర్లయ్యాక మళ్ళీ ఒకసారి రెంచి. హిచ్ మొత్తం ఖర్చులో మంచి బోల్టుల ఖర్చెంత? బెల్లం రెండు కిలోలు ఎక్కువ కొన్నట్టు.

ఇంకో చిన్న విషయం. బాల్ కొలత. మన దగ్గర దొరికేవాటిలో 50 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, అమెరికా పద్ధతి రెండంగుళాలవీ ఉన్నాయి. రెండంగుళాలంటే 50.8. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు కదా అని కలిపేస్తారు. 50 బాల్ మీద రెండంగుళాల కప్పు పెడితే వదులు. ఎగుడుదిగుడు దారిలో కప్పు ఎగిరి పక్కకి పడటానికి ఆ వదులే చాలు. బాల్ మీదా కప్పు మీదా అంకె కొట్టి ఉంటుంది, రెండూ ఒకటే అయి ఉండాలి.

హెవీ డ్యూటీ అనే మాట నాకు నచ్చదు. హిచ్ మీద 3500 కిలోలని రాసి ఉంటే మీ బండి 3500 కిలోలు లాగుతుందని కాదు. బండి పుస్తకంలో కంపెనీ చెప్పిన బరువు, హిచ్, బాల్, ట్రాలీ ఇరుసు, టైర్లు – వీటిలో అన్నిటికంటే తక్కువ ఏదో అదే మీ బరువు. పుస్తకంలో లాగుడు బరువు ఇవ్వకపోతే సర్వీస్ సెంటరులో రాతపూర్వకంగా అడగండి. బొలెరో, స్కార్పియో, థార్, జిమ్నీ లాంటి వాటికి విడిగా ఛాసిస్ ఉంది, పట్టుకోవడానికి గట్టి చోటుంది. బాడీయే ఛాసిస్‌గా ఉండే కార్లకి ఈ పనులు పెట్టుకోవద్దు.

బరువు సర్దడం మాత్రం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎద్దుల బండి తోలినవాళ్ళకి తెలుసు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, మెడ కింద తాడు బిగుసుకుని ఎద్దు ఉక్కిరిబిక్కిరవుతుంది. మరీ ముందుకి వేస్తే మెడ మీద పడి ఎద్దు కుంగుతుంది. అందుకే పెద్దవాళ్ళు కాడి ఎత్తి చూసి, రెండు మూటలు ముందుకో వెనక్కో జరిపేవాళ్ళు. జీపైనా అంతే. ట్రాలీ మొత్తం బరువులో పదో వంతు బాల్ మీద ఉండాలని ఒక మోటు లెక్క. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు, ఐరోపాలో ఇంకా తక్కువ. వెనక బరువెక్కువైతే ట్రాలీ తోక ఆడించడం మొదలుపెడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది, చివరికి జీపునే తిప్పేస్తుంది. 

ముందు బరువెక్కువైతే ఏమవుతుందో ఆ 1450 కిలోల లెక్కలోనే చూద్దాం. పదో వంతు 145 కిలోలు. బాల్ వెనక ఇరుసు నుంచి ఓ మీటరు వెనక ఉందనుకోండి. బొలెరో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.68 మీటర్లు. ఆ 145 కిలోలు మీటతో ఎత్తినట్టు ముందు చక్రాల మీంచి సుమారు 54 కిలోలు తీసేస్తుంది. వెనక ఇరుసు మీద 145 కాదు, దాదాపు 200 పడుతుంది. స్టీరింగు తేలికైందని సంబరపడతాం కానీ, ముందు చక్రాలకి పట్టు తగ్గింది. వెనక ఐదుగురు కూలీలని కూర్చోబెట్టుకుని, పైన ట్రాలీ కూడా కడితే ఇంక చెప్పక్కర్లేదు.

డ్రమ్ముల విషయంలో ఒక జాగ్రత్త. సగం నిండిన డ్రమ్ము, నిండిన డ్రమ్ము కంటే చెడ్డది. బ్రేకు వేస్తే నీళ్ళన్నీ ముందుకి, ఎక్కు ఎక్కితే వెనక్కి. వెయ్యి లీటర్ల ట్యాంకు సగం నింపి తోలేవాళ్ళని చూస్తున్నాను, మధ్యలో అడ్డు పలకలు లేని ట్యాంకు రోడ్డు మీదకి తేకూడదనే నేనంటాను. ఇంకొకటి, పులుస్తున్న జీవామృతానికి మూత గట్టిగా బిగించొద్దు. గ్యాసు పుడుతుంది. గోనెపట్టా కట్టి, డ్రమ్ము మెడదాకానే నింపి, పట్టీతో ట్రాలీకి కట్టేయండి.

గొలుసులు రెండుండాలి. బాల్ దగ్గర ఏది విరిగినా ట్రాలీని పట్టుకునేవి అవే. ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా, ట్రాలీ మూతి కిందుగా కట్టాలి. అప్పుడు మూతి జారినా ఆ గొలుసుల ఒళ్ళో పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు. గొలుసు కొస హిచ్ గొట్టానికి తగిలించాలి, బాల్ కాడకి కాదు. సీల పెట్టి క్లిప్పు మరిచిపోయేవాళ్ళున్నారు. మేకుని సీలగా వాడేవాళ్ళూ ఉన్నారు. మన పల్లె రోడ్ల మీద బడి పిల్లలు సైకిళ్ళ మీద పోతుంటారు. ఊడిపోయిన ట్రాలీకి హారను ఉండదు, బ్రేకు ఉండదు, మలుపు తెలియదు.

చీకటి పడ్డాక ట్రాలీ వెనక లైటు లేకుండా రోడ్డెక్కడం గురించి నాకు కోపం ఎక్కువ. ట్రాక్టర్లవాళ్ళని తిట్టుకుంటూ మనమూ అదే చేస్తున్నాం. ఏడు పిన్నుల కనెక్టరు పెట్టించండి. బ్రేకు లైటు, ఇండికేటర్లు ట్రాలీకి రావాలి. ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు అతికించండి, పేడ పడితే తుడవండి. విషం వేయకుండా పండించి నలుగురి ఆరోగ్యం కాపాడుతున్నామని చెప్పుకుంటాం మనం. రాత్రి ఎనిమిదింటికి మోటారు సైకిల్ మీద వెనకొచ్చేవాడు కూడా ఆ నలుగురిలో ఒకడే.

కాగితాల సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రెయిలరు కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ ఉంటుంది. 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. 2017 డిసెంబరులో కేంద్రం బుల్ బార్ల మీద చర్య తీసుకోమన్నది కూడా ఆ సెక్షన్‌నే చూపించి. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కాగితంలో ట్రెయిలరు ఉందో లేదో చూసుకోండి. పొలం గట్టు దాటని ట్రాలీ వేరు, తారు రోడ్డెక్కే ట్రాలీ వేరు.

హిచ్ ఉంది కదా అని బురదలో దిగబడిన ట్రాక్టరుని బాల్‌కి తాడు కట్టి కుదుపుతో లాగొద్దు. బాల్ నెమ్మదిగా లాగడానికి చేసింది, కుదుపుకి కాదు. అది తెగితే తాడు సాగిన బలమంతా ఆ ఇనుప గుండుకొస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలాగే మనుషుల ప్రాణాలు పోయాయి, అద్దాలు చీల్చుకుని లోపలికొచ్చి మరీ. లాగక తప్పకపోతే బాల్ కాడ తీసేసి, ఆ గొట్టంలో దిగే షాకిల్ బ్లాకు పెట్టి దానికి కట్టండి. తాడు మీద తడి గోనె సంచి వేయండి, చుట్టూ ఉన్నవాళ్ళని తాడు పొడవుకి రెండింతల దూరం పంపండి. మన ఊళ్ళలో ట్రాక్టరు దిగబడితే ఊరంతా చుట్టూ చేరుతుంది. ముందు వాళ్ళని పంపించండి, తర్వాతే గేరు వేయండి.

చివరిగా మనకి మాత్రమే ఉన్న ఒక బెడద. ఆవు మూత్రం పడ్డ ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పురుగుమందు డబ్బాలు తోలేవాడి హిచ్ కంటే మన హిచ్ ముందు తినేస్తుంది. పొలం నుంచి రాగానే రెండు చెంబులు నీళ్ళు పోయండి, బాల్‌కి గ్రీజు రాయండి, మూడు నెలలకోసారి కింద దూరి బోల్టుల చుట్టూ రంగు ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే గీకి చూడాలి. మాది ఆ పని ఈ ఆదివారం ఉంది.