జ్వరం కూడా ఒక ప్రయత్నమేనా?

పదో తరగతి పరీక్షలు జరిగేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఊళ్లలో ఆటలమ్మ తిరిగేదీ, కలుషిత నీళ్లతో పచ్చకామెర్లు, టైఫాయిడ్ వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఏటా కొందరు పిల్లలు హాల్ టికెట్ చేతికొచ్చాక మంచాన పడతారు. పరీక్షా కేంద్రంలో వాళ్ల నంబరు ఎదురుగా ‘ఆబ్సెంట్’ అని రాస్తారు. సినిమాకు పోయి ఎగ్గొట్టినా అదే మాట. ఒళ్లంతా పొక్కులతో వేపాకు మీద పడుకున్నా అదే మాట.

సప్లిమెంటరీ ఉందిగా, రాసుకోవచ్చుగా అంటారు అధికారులు. టీచర్లూ అంటారు. మన సంఘాల్లోనూ ఈ మాట వినబడుతోంది. రాసుకోవచ్చు, నిజమే. కానీ ఆ పరీక్ష తప్పినవాళ్ల కోసం పెట్టింది. అసలు రాయనివాళ్లను తప్పినవాళ్లతో కలిపి కూర్చోబెట్టి, మళ్లీ ఫీజు కట్టించుకుని, రాసిన తరవాత కూడా ‘నువ్వు ఒకసారి తప్పావు’ అన్న ముద్ర వేసి పంపడం న్యాయమెలా అవుతుంది?

ముద్రే కదా అనుకోకండి. దాని ఖరీదు ఏమిటో ఒక్క ఉదాహరణ చాలు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. పల్లెటూరి పిల్లలు పదో తరగతి మార్కులతోనే చేరి, ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజనీరింగ్ పూర్తి చేసుకోవడానికి పెట్టినవి. ప్రభుత్వ బడిలో చదివినవాళ్లు వెనకబాటుతనంతో వచ్చారని గుర్తించి మార్కులు కూడా కలుపుతారు. మంచి ఆలోచన. కోచింగ్‌కు లక్షలు పోయలేని ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఇంజనీరింగ్ వైపు తెరుచుకున్న తలుపు దాదాపు ఇదొక్కటే. అయితే అందులో ఒక షరతుంది: పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. లెక్కల పరీక్ష నాడు సెలైన్ ఎక్కించుకుంటూ పడుకున్న అమ్మాయి, తరవాత సప్లిమెంటరీలో నూటికి నూరు తెచ్చుకున్నా అర్హురాలు కాదు. ఆమె పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్న చోటే ఆమె జ్వరాన్ని ఎందుకు తీసుకోరు?

ప్రశ్నపత్రమే చూడనివాళ్లు ప్రయత్నం చేసినట్టెలా?

ఇందులో ఆడామగా తేడా ఏముంది, జబ్బు ఎవరికైనా వస్తుంది అనవచ్చు. తేడా రెండు చోట్ల ఉంది. జబ్బులోనే ఉంది మొదటిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతానికి రక్తహీనత. అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం. తిండిలో వివక్ష, అధిక రక్తస్రావం, తెల్లవారక ముందే మొదలయ్యే ఇంటిపని, ఇవన్నీ కలిసి పరీక్ష హాల్లో కళ్లు తిరిగి పడిపోయే అమ్మాయిని తయారుచేస్తాయి. నెలసరి నొప్పితో మూడు గంటలు కూర్చోలేకపోయానని రాసుకోవడానికి ఏ దరఖాస్తులోనూ గడి లేదు. ఉన్నా రాయనిచ్చే ఇల్లు ఎన్ని?

రెండోది ఆ తరవాత జరిగేది. కొడుకు పరీక్ష పోతే ఇంకో ఏడాది చూద్దామంటారు. కూతురిదైతే ఎటూ ఆగిపోయింది కదా అని సంబంధాలు చూడటం మొదలుపెడతారు. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. బాల్యవివాహాలు ఆపడానికి గడపగడపకూ తిరిగే మనం, ఆ పెళ్లికి వంక దొరికే క్షణం పరీక్షా కేంద్రంలో కూడా ఉందని గమనించడం లేదు.

ఇక అభ్యంతరాలు. జబ్బు చేసినవాళ్లకు ఇంకో రెండు నెలలు చదువుకునే వీలిస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా అంటారు. కామెర్లతో పత్యం తింటూ పడుకున్న పిల్ల ఆ రెండు నెలలూ ఏం చదువుతుంది? గడువు ఎక్కువనుకుంటే తగ్గించండి, కోలుకున్న రెండు వారాలకు పరీక్ష పెట్టండి. అది బోర్డు వీలుకు సంబంధించిన విషయం, న్యాయానికి అడ్డం కాదు. రెండు పేపర్లూ ఒకే స్థాయిలో ఉండవంటే, జేఈఈ మెయిన్ 2019 నుంచి ఏడాదికి రెండుసార్లు జరుగుతోంది. వేరువేరు పేపర్ల మార్కులను సరిపోల్చే పద్ధతి దానికి ఉంది. ఐఐటీకి పోయేవాళ్ల కోసం దొరికిన తెలివి పదో తరగతి పిల్లకు ఎందుకు దొరకదు?

దొంగ సర్టిఫికెట్లు తెస్తారన్న భయం ఇంకొకటి. డబ్బున్నవాళ్లు ఆ పని ఎప్పుడైనా చేయగలరు. అసలు కాగితం దొరకనిది నిజంగా జబ్బు చేసిన పేదింటి అమ్మాయికే. ఆటలమ్మకు ఆస్పత్రికి తీసుకెళ్లకూడదని నమ్మే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వెళ్లినా ఊళ్లో ఆరెంపీ రాసిచ్చిన చీటీ బోర్డు ముందు చెల్లదు. అదే ఊళ్లో ప్రభుత్వ జీతం తీసుకునే ఏఎన్ఎం ఉంది, ఆశా కార్యకర్త ఉంది. వాళ్లు చూసి రాసిన మాటను ఎందుకు నమ్మరు? బోర్డుల రికార్డులేమైనా అంత పదిలమా! 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి.

చేయాలనుకుంటే నియమాలు ఎంత తేలిగ్గా వంగుతాయో చూశాం. 2020లో కరోనా వస్తే రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. మార్కులు లేవు కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో ట్రిపుల్ ఐటీలకు విడిగా ప్రవేశపరీక్షే పెట్టారు. 2022లో అక్కడే చాలామంది తప్పితే, సప్లిమెంటరీలో పాసైనవాళ్లను కంపార్ట్‌మెంటల్ అనకుండా రెగ్యులర్‌తో సమానంగా చూస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. జబ్బు అందరికీ వస్తే విపత్తు, ఒక్క పిల్లకు వస్తే ఆమె ఖర్మ అన్నమాట.

కోర్టుల వల్ల కొంత మేలు జరిగింది, పూర్తిగా కాదు. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి రావలసిన గంట అదనపు సమయం ఇవ్వలేదు. ఆమెకు అన్యాయం జరిగిందని, పోటీ పరీక్షల్లో ఇవి మామూలేనని వదిలేయకూడదని సుప్రీంకోర్టు అన్నది. కానీ మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. వైకల్యానికి 2016 చట్టం అండ ఉండీ ఇంత. నాలుగు వారాల్లో తగ్గిపోయే టైఫాయిడ్‌కు ఆ అండ కూడా లేదు.

సీబీఎస్‌ఈ 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు పరీక్షలు తెచ్చిందని సంబరపడుతున్నవాళ్లు నిబంధనలు కూడా చదవాలి. మొదటి పరీక్షలో మూడు, అంతకంటే ఎక్కువ సబ్జెక్టులకు హాజరు కానివాళ్లకు రెండోది రాసే వీలు లేదు, మరుసటి ఏడాదే. పది రోజులు మంచాన పడితే మూడు పేపర్లు పోవడం ఎంతసేపు?

మనం అడగాల్సింది పెద్ద విషయమేమీ కాదు. జబ్బు వల్ల రానివాళ్లను హాజరు పట్టీలో విడిగా రాయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏఎన్ఎం ఇచ్చే ధ్రువీకరణ చెల్లాలి. వాళ్ల దగ్గర మళ్లీ ఫీజు వసూలు చేయకూడదు. వాళ్లు రాసే ఆ పరీక్షే మొదటి ప్రయత్నమని మెమోలోనూ, ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్‌లోనూ ఉండాలి, సీట్లు భర్తీ కాకముందే ఫలితం రావాలి. వచ్చే మార్చికి ముందే రెండు రాష్ట్రాల పరీక్షల విభాగాలకు వినతిపత్రాలు వెళ్లాలి. ఈలోగా మన మండలాల్లో పోయిన పరీక్షల్లో జబ్బు చేసి రాయలేకపోయిన ఆడపిల్లలు ఎందరో, ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారో, బడుల వారీగా రాసి పెట్టుకుందాం. బోర్డుల రికార్డులో వాళ్లంతా ఉత్త ‘ఆబ్సెంట్’లే.