ఇంటి మాట: దొంగగాలి

ఈ నెల ఇంటిఖర్చుల పద్దు గురించి వ్రాస్తామని క్రిందటి సంచికలో మాట ఇచ్చి ఉన్నాము. ఆ పద్దు వేయడానికి కూర్చుంటే అందులోని ఒక అంకె మమ్మల్ని ప్రక్కదారి పట్టించినది. అది పెట్రోలు ఖర్చు. కనుక పాఠక సోదరీ సోదరులు మన్నించి, ఈ నెలకు మా కారు గోడు వినవలసినదిగా కోరుతున్నాము.

మాది పదమూడేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. కాపురము సర్జాపురలో; ఉద్యోగము అగర దాటిన తరువాత. దొమ్మసంద్ర మీదుగా ఇబ్బలూరు కూడలి వరకు ఉదయంపూట వెళ్లినవారికి మేము వేరుగా చెప్పనక్కర లేదు. ఆ దారిలో బండి నడిచే సమయము కన్న నిలిచే సమయమే హెచ్చు. నిలిచి ఉన్నప్పుడు ఇంజను ఎంత తిరుగుతున్నదన్నది అటువంటి చోట చిన్న సంగతి కాదు.

పోయిన ఆయుధపూజకు మేమే స్వయంగా బండి కడిగి, బానెట్టు ఎత్తి, బ్రష్షు పెట్టి లోపలి దుమ్మంతా దులిపి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టాము. ఆ తరువాత కొద్దిరోజులకు మీటరులో ముల్లు సిగ్నలు దగ్గర 1,700 మీద నిలబడటం మొదలుపెట్టినది. వేడెక్కిన చిన్న పెట్రోలు ఇంజను నిమిషానికి సుమారు 700 నుంచి 900 చుట్లు తిరిగితే చాలు. రెట్టింపు తిరిగితే పెట్రోలు కూడా దానికి తగ్గట్టే ఖర్చవుతుంది.

మా అబ్బాయికి అప్పుడే కొత్తగా లైసెన్సు వచ్చినది. తప్పు ఎవరి మీద వేయాలో వెతుక్కోనక్కర లేకపోయినది! “యాక్సిలరేటరు మీద కాలు తీయడం నేర్చుకోరా” అన్నాము. వాడు, “కాలు పెట్టడం లేదు నాన్నా. పైగా బ్రేకు రెండోసారి తొక్కితే రాయిలాగా ఉంటోంది, చూడండి” అన్నాడు. అది తప్పించుకొనే మాట అనుకున్నాము. ఒకనాటి సాయంకాలము అత్తిబెలె నుంచి వస్తుండగా, సర్జాపుర బస్‌స్టాండు దగ్గర సైకిలు మీద ఒక పిల్లవాడు అడ్డము వచ్చినాడు. మావాడు రెండు కాళ్ల బలము పెట్టి తొక్కితే బండి జానెడు దూరములో ఆగినది. మేము దిగి, నలుగురిలో, మా ఇంటావిడ వారిస్తున్నా వినకుండా, వాణ్ణి నానా మాటలూ అన్నాము. వాడు తాళపుచెవి మా చేతిలో పెట్టి ఇంటికి నడిచి వెళ్లిపోయినాడు. మూడు వారాలు కారు ముట్టుకోలేదు.

మరునాటి నుంచి మేమే నడిపాము. నాలుగవ రోజున ఇబ్బలూరు వంతెన క్రింద మా కాలికి కూడా ఆ బ్రేకు రాయిలాగానే తగిలినది.

ముందు ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకొనిపోయినాము. వారు స్కానరు తగిలించి, “పి 0507” అనే సంకేతము వచ్చినదనీ, థ్రాటిల్ బాడీ మొత్తము మార్చవలెననీ, 17 వేలు అవుతుందనీ చెప్పినారు. ఆ సంకేతానికి అర్థమేమంటే, ఐడ్లింగు ఉండవలసిన దానికన్న హెచ్చుగా ఉన్నదని. అది మాకు తెలిసినదే గదా! ఇరవై ఏళ్లుగా ఫైళ్లు చూస్తున్న మాకు, “విషయము గమనించడమైనది” అన్న నోటు సంగతి బాగా ఎరుక. గమనించడము వేరు, కారణము చెప్పడము వేరు.

అప్పుడు మా వీధి చివర పనిచేసే ముసలి మేస్త్రీ దగ్గరకు వెళ్లాము. ఆయనది మన ఆనేకల్లు, హొసూరు ప్రాంతపు తెలుగు. “సామీ, కాలు తీసినా ఇంజను పరిగెత్తుతా ఉందంటే దానికి గాలి యాడనుంచో అందుతా ఉండాది. ఆ దొంగగాలి దావ కనుక్కుంటే పని అయిపోయె” అన్నాడు. ఆయన చెప్పినదీ, తరువాత మేము తెలుసుకొన్నదీ కలిపి మా పాఠకులకు విన్నవిస్తాము.

పెట్రోలు ఇంజను వేగమును ఏలేది గాలి. యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకొనేది గాలి తలుపు. పెట్రోలు దానికి తగినట్టు వెంట వస్తుంది. కాలు తీస్తే తలుపు మూసుకొంటుంది. లోపల ఇంజను గాలిని పీలుస్తూనే ఉంటుంది కనుక, తలుపుకు అవతల గొట్టములో ఒత్తిడి బయటి ఒత్తిడిలో మూడోవంతుకు దగ్గరగా పడిపోతుంది. ఆ తలుపుకు అవతల ఎక్కడ చిన్న పగులు ఉన్నా బయటి గాలి బుస్సుమంటూ లోపల చొరబడుతుంది. మాబోటి కార్లలో కంప్యూటరు ఆ ఒత్తిడిని చూసి పెట్రోలు లెక్క కడుతుంది. ఒత్తిడి పెరిగినది కాబట్టి పెట్రోలు కూడా పెంచుతుంది. ఐడ్లింగు వాల్వును పూర్తిగా మూసినా దొంగగాలి ఆగదు. ముల్లు పైకి పోతుంది.

ఒకప్పుడు ఇది వేరుగా ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిననాడు దానికి కార్బురేటరు ఉండేది. ఐడ్లింగు హెచ్చయితే ఒక మర త్రిప్పితే సరిపోయేది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న మన బెంగళూరు గాలి పలుచన. అందుచేత మద్రాసులో సరిచేసిన కార్బురేటరు ఇక్కడ పెట్రోలు హెచ్చుగా తాగేది. ఇప్పటి ఇంజెక్షను బండ్లు ఆ తేడాను తామే సర్దుకొంటాయి. వీటిలో అలవాటు చొప్పున మర త్రిప్పడము జబ్బు దాచి జ్వరము తగ్గించడము వంటిది. ఎవరైనా త్రిప్పబోతే వారించండి.

వెతకడములో ఒక వరుస ఉన్నది. డబ్బు ఖర్చుకానిది మొదట.

తెల్లవారి చల్లని ఇంజను 1,200, 1,500 తిరగడము జబ్బు కాదు. పది నిమిషాలలో దిగవలెను. ఏ.సి. వేస్తే కొంచెము పెరగడమూ సహజమే. దిగకపోతే ముందు కాళ్ల క్రింద పట్టా పెడలుకు అడ్డుపడుతున్నదేమో, తీగ ఉన్న బండి అయితే తీగ బిగిసినదేమో చూడవలెను.

తరువాత రబ్బరు గొట్టాలు. బండిని న్యూట్రలులో ఉంచి, హ్యాండుబ్రేకు వేసి, మేస్త్రీ ఒక్కొక్క గొట్టమును గుడ్డ చుట్టిన పటకారుతో మెల్లగా నొక్కుతాడు. ఏది నొక్కితే ముల్లు దిగుతుందో అదే దొంగ. కొందరు పగులు పట్టడానికి వేడి ఇంజను మీద పెట్రోలో, క్లీనరు స్ప్రేయో చల్లుతారు. అది నిప్పుతో చెలగాటము, వద్దు.

గొట్టాలు బాగుంటే, మసి పట్టి ఐడ్లింగు వాల్వు తెరిచినచోటనే ఇరుక్కొని ఉండవచ్చును. శుభ్రము చేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. అదీ కాకపోతే నీటి వేడి చూపే సెన్సారు. అది చెడి, ఇంజను ఇంకా చల్లగానే ఉన్నదని కంప్యూటరుకు తప్పు చెబితే, ఎండాకాలము మిట్టమధ్యాహ్నము కూడా తెల్లవారిజాము చుట్లే తిరుగుతాయి. స్కానరు నిజముగా పనికివచ్చేది ఇక్కడ: రాత్రంతా నిలిచిన బండిలో ఆ సెన్సారు చూపే వేడి బయటి వేడితో సరిపోవలెను. రేడియేటరులో నీరు తగ్గినదేమో కూడా చూడవలెను. ఇవన్నీ అయిన తరువాతనే పెద్ద సామానులు మార్చే మాట.

మా మేస్త్రీ మూడవ గొట్టము నొక్కగానే ముల్లు 850కి దిగినది. అది బ్రేకు బూస్టరుకు పోయే గొట్టము. ఇంజను పీల్పుతోనే ఆ బూస్టరు మన కాలికి బలము ఇస్తుంది. గొట్టము మొదట్లో చీలిక పడినది కనుక, ఒకసారి తొక్కేసరికి నిలువ ఉన్న బలము అయిపోయి, రెండోసారికి చాలినంత అందడము లేదు. హెచ్చు ఐడ్లింగూ, రాయి వంటి బ్రేకూ రెండూ ఒకటే జబ్బు. మావాడు చెప్పినది అక్షరాలా నిజము.

“పాత రబ్బరు సామీ. ఎవరో పట్టి లాగినట్లుండారు” అన్నాడు మేస్త్రీ. ఆయుధపూజనాడు బ్రష్షు పట్టుకొన్నది ఎవరో మాకు జ్ఞాపకమే. గొట్టము, కూలి కలిపి 600 రూపాయలు అయినది.

ప్రతి ఇంటివారూ చేయదగిన పరీక్ష ఒకటి ఆయన చూపించినాడు. ఇంజను ఆపి, బ్రేకు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు అట్లాగే నొక్కి ఉంచి స్టార్టు చేయవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగితే బూస్టరుకు బలము అందుతున్నట్లు. దిగకపోతే ఆ బండిని రోడ్డు మీదకు తీయక ముందు మేస్త్రీని పిలవవలెను.

ఆ రాత్రి భోజనము దగ్గర మావాడితో ఉన్న సంగతి చెప్పినాము. పదిమందిలో తిట్టిన మాటలను నాలుగు గోడల మధ్య వెనక్కు తీసుకోవడము చాలదని మా ఇంటావిడ అన్నది. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాము. ఈ పత్రిక మా వీధిలో చాలా ఇళ్లకు వస్తుంది. బస్‌స్టాండు దగ్గర ఆనాడు చూచినవారు ఎవరైనా ఇది చదివితే, తప్పు అబ్బాయిది కాదని తెలుసుకోవలసినది.

మొన్న ఆదివారము వాడే మమ్మల్ని హొసూరుకు తీసుకొనివెళ్లినాడు. పద్దుల సంగతి వచ్చే నెల.