సమీక్షకు సంకెళ్లా?

చలనచిత్రము విడుదలయైన మొదటి మూడు దినములు దానిపై సమీక్షలు వెలువడకుండ నిషేధింపవలసినదిగా తమిళ చిత్రనిర్మాతల సంఘ మొకటి మద్రాసు హైకోర్టు నర్థించెను. 2024 డిసెంబరులో న్యాయస్థానము మధ్యంతర నిషేధమునకు నిరాకరించినది. ఈ వ్యాజ్యము తమిళదేశమున పుట్టినను, తెలుగు చిత్రసీమలోను సమీక్షలపై ఇట్టి గుసగుసలు వినవచ్చుచునే యున్నవి. కావున మా యభిప్రాయమును నిష్కర్షగా చెప్పుచున్నాము.

నిర్మాతల మొఱ యంతయు నిరాధారమని మే మనము. సమీక్ష చూపరి మనస్సును మార్చుననుట సత్యము. నవ్వుల పంటయని చదివి వచ్చినవాడు, మొదటి గడియలో నవ్వు రాకున్న మోసపోతినని గొణుగును. చూడదగదని చదివియు, స్నేహితుని బలవంతమున వచ్చినవాడు రెండు మంచి ఘట్టములకే సంతసించి ఇంటికి బోవును. చిత్ర మొక్కటే, వారు వెంట దెచ్చుకొనిన యాశలు వేఱు. కథలోని మలుపును సమీక్షకుడు ముందుగనే వెల్లడించెనా, ఆ చూపరి కోలుపోయిన యానందమును ఎవ్వరును మరల నీయజాలరు.

కాని యాశలు పెంచువారిలో అగ్రగణ్యు డెవరు? నిర్మాతయే కదా! నెలల తరబడి ప్రకటనలు, పాటలు, వేడుకసభలు. ఆ సభలయందు ప్రతి చిత్రమును అపూర్వమే, అద్వితీయమే. తాను పెంచిన యాశను తన చిత్రమే చల్లార్చినప్పుడు, ఆ తప్పును సమీక్షకుని తల కంటగట్టుట న్యాయమా? మంగళగిరి నేతచీర కొనువాడు మడత విప్పును, అంచు చూచును, వెలుతురునకు పట్టి పరీక్షించును. పిమ్మట పైక మిచ్చును. చిత్రమున కట్టి వీలు లేదు. పైకము ముందు, పరీక్ష వెనుక. ముందుగా చూచివచ్చినవాని మాటయే కొనువానికి గతి. మూడు దినములు పొగడ్తకు తలుపులు తెఱచి విమర్శకు మూయుట, వాని కన్నులకు గంతలు కట్టుటయే యగును.

చట్ట మేమనుచున్నది? ప్రజల తీర్పునకై కర్త తానే సమర్పించిన కృతియొక్క గుణదోషములను సద్బుద్ధితో చెప్పుట పరువునష్టము కాదని 1860 నాటి శిక్షాస్మృతి 499వ సెక్షను ఆఱవ మినహాయింపు స్పష్టపఱచెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 356వ సెక్షనులోను ఆ రక్షణ నిలిచియున్నది. పరాయిదొరల చట్టమే మన్నించిన స్వేచ్ఛను స్వతంత్ర భారతమున మనవారే కుదింప నెంచుట సిగ్గుచేటు కాదా?

విమర్శ పరిశ్రమకు శత్రువను మాటయు కల్ల. బందరు కృష్ణాపత్రికలో చిత్రవిమర్శలు వ్రాసిన కమలాకర కామేశ్వరరావుగారే పిదప దర్శకులై 1963లో ‘నర్తనశాల’ను మన కొసంగిరి. 1938లో ‘మాలపిల్ల’ను తీసిన గూడవల్లి రామబ్రహ్మముగారు ‘ప్రజామిత్ర’ సంపాదకులు. నిర్భయమైన కలము నుండియే నిలుకడగల చిత్రములు పుట్టినవి.

అయితే చట్టము కోరిన సద్బుద్ధిని సమీక్షకులు మఱువరాదు. పైకము పుచ్చుకొని పొగడువాడును, పరనటునిపై కక్షతో చూడకయే తెగడువాడును ఈ రక్షణ కర్హులు కారు. చిత్ర మెట్టిదో, ఎవరికి తగునో చెప్పుడు, మలుపులు దాచుడు, మీకు ముట్టిన దేదైన నున్నచో దాచకుడు.

పాఠక మహాశయులకును ఒక మనవి. మన కొండమీది పానకాలస్వామి భక్తుడు తెచ్చిన పానకములో సగమే స్వీకరించి, తక్కిన సగమును వానికే విడుచునని మన విశ్వాసము. సమీక్షను మీరును అట్లే గ్రహింపుడు. వెళ్లవలెనా, మానవలెనా యను సగమునకు దాని సాయము గొనుడు. బాగోగుల తీర్పను సగమును మాత్రము మీ కన్నులకే విడువుడు.