సార్జెంట్ పెప్పర్‌కి రెండు పెట్టెలు తగిలిస్తే

ఈ వారం రాత కొంచెం పొడుగు. ఓపిగ్గా చదివి, తిట్టాలంటే చివర్లో తిట్టండి.

మా రిటైర్డు రైల్వే మిత్రుల మధ్య ఒక వాదన నడుస్తా ఉంది. బీటిల్స్ వాళ్ళ పాత ఎల్‌పీ ఒకటి తీసుకోవడం, అందులో ఏ పాట దించాలి, ఏ పాట ఎక్కించాలి అని కొట్టుకోవడం. మనకెందుకయ్యా ఇంగ్లీషు పాటలు అని కొందరు అడిగారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పక్కింటి ఆంగ్లో ఇండియన్ వాళ్ళ కిటికీలోంచి బీటిల్స్. పెరంబూరు వైపు మేము పెరిగింది అట్లా. తర్వాత క్యాసెట్ల కాలంలో చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే అంగడాయన ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. పక్కకి ముప్పై నిమిషాలు. ఏది ముందు, ఏది వెనక అనే లెక్క మాకు అప్పటినుంచే అలవాటు.

ఇప్పుడు వాదన 1967లో వచ్చిన సార్జెంట్ పెప్పర్ గురించి. పదమూడు పాటలు, రమారమి నలభై నిమిషాలు. ఆ రికార్డు పని మొదలైంది 1966 నవంబరు చివర. మొదట పట్టిన మూడు పాటలు స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్, వెన్ ఐయామ్ సిక్స్‌టీ ఫోర్, పెన్నీ లేన్. వీటిలో రెండు వాళ్ళ సొంత ఊరు లివర్‌పూల్ పాటలు. స్ట్రాబెర్రీ ఫీల్డ్ అనేది జాన్ లెనన్ పెరిగిన ఇంటికి దగ్గర్లో ఉండిన పిల్లల అనాథాశ్రమం. పెన్నీ లేన్ అనేది బస్సులు తిరిగే ఒక వీధి. ఒకటి లెనన్‌ది, ఇంకొకటి పాల్ మెకార్ట్‌నీది.

ఆ రెండు పాటలే ఎల్‌పీలో లేవు! మార్కెట్లో కొత్త సరుకు కనబడాలని మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ తొందరపడితే, నిర్మాత జార్జ్ మార్టిన్ ఆ రెండూ ఇచ్చేశాడు. 1967 ఫిబ్రవరిలో చిన్న రికార్డుగా వచ్చేశాయి. చిన్న రికార్డులో అమ్మిన పాటని మళ్ళీ పెద్ద రికార్డులో పెట్టి కొన్నవాళ్ళ దగ్గర రెండోసారి డబ్బు తీసుకోకూడదని అప్పట్లో ఇంగ్లండులో ఒక పద్ధతి ఉండేది. మంచి పద్ధతే, మేము కాదనం. అయితే జార్జ్ మార్టినే తర్వాతి కాలంలో, తన ఉద్యోగ జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదేనని చెప్పుకున్నాడు. ఆ ఏడాది చివర్లో అమెరికాలో వచ్చిన మ్యాజికల్ మిస్టరీ టూర్ ఎల్‌పీలో రెండిటికీ చోటు దొరికింది. పుట్టింది ఒక ఇంట్లో, పెరిగింది ఇంకో ఇంట్లో అన్నట్టు.

సరే, చేర్చాలి. ఎట్లా? రెండూ కలిపి ఏడు నిమిషాలు దాటతాయి. ఎల్‌పీ పక్క అంటే ప్లాట్‌ఫారం లాంటిది. ఇరవై, ఇరవైరెండు నిమిషాలు సుఖంగా నిలబడతాయి. అంతకుమించి కుక్కితే గాళ్ళు సన్నమై శబ్దం తగ్గిపోతుంది. కాబట్టి రెండు పెట్టెలు తగిలించాలంటే రెండు విప్పాలి.

మా మిత్రుల్లో సగం మంది జార్జ్ హారిసన్ పాట విదిన్ యు వితౌట్ యు తీసేయమన్నారు. అయిదు నిమిషాల పాట, ఒక్కటి తీస్తే చాలు అని లెక్క. మేము ఒప్పుకోం. సితారు, దిల్‌రుబా, తబలాతో లండన్లో ఉండే మనదేశపు వాద్యకారులని కూర్చోబెట్టి చేసిన పాట అది. ఆ ఎల్‌పీలో హారిసన్ రాసింది అదొక్కటే. అదే సమయంలో ఆయన ఇచ్చిన ఓన్లీ ఎ నార్దర్న్ సాంగ్‌ని అప్పటికే పక్కన పెట్టారు. ఉన్న ఒక్కదాన్నీ పొడుగని దించడం న్యాయం కాదు.

ఇంకొకరు గుడ్ మార్నింగ్ గుడ్ మార్నింగ్ విప్పమన్నారు. అదీ కుదరదు. ఆ పాట చివర కోడి అరుపు వచ్చి, అదే తర్వాతి పాట మొదటి గిటారు స్వరంగా మారిపోతుంది. అక్కడ కప్లింగ్ విప్పితే రెండు పెట్టెలూ పాడవుతాయి.

కాబట్టి మేము విప్పేది గెట్టింగ్ బెటర్, లవ్లీ రీటా. రెండూ చెడ్డ పాటలు కావు. కానీ ముందూ వెనకా ఏ పాటతోనూ విడదీయరాని ముడి లేదు. మొదటి పక్క లూసీ తర్వాత పెన్నీ లేన్. రెండో పక్క సిక్స్‌టీ ఫోర్ తర్వాత స్ట్రాబెర్రీ ఫీల్డ్స్. ముసలితనం గురించిన పాట, వెంటనే చిన్నతనం పాట. మాలో చాలామంది ఆ అరవైనాలుగు దాటినవాళ్ళమే, ఆ వరస మాకు బాగా అర్థమవుతుంది. చివర ఎ డే ఇన్ ది లైఫ్ ఎక్కడున్నది అక్కడే. లెక్క వేశాం: మొదటి పక్క ఇరవై నిమిషాలు, రెండోది ఇరవైఒకటిన్నర లోపల. అప్పటికీ పదమూడు పాటలే, నిమిషంన్నర ఎక్కువ, అంతే.

ఇంత లెక్క ఎందుకంటే, ఆ ఎల్‌పీలో నలుగురూ వేషం కట్టుకుని ఇంకో బ్యాండు వాళ్ళమని చెప్పుకుంటారు. వేషం బాగుంది, అట్ట మీద బొమ్మ బాగుంది. వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో చెప్పే రెండు పాటలు మాత్రం బయట ఉండిపోయాయి. ఊరు పేరు చెప్పే పాటే ముందు చెయ్యి జారడం మాకు నచ్చలేదు.

ఈ మాట మన సంఘానికీ చెప్పాల్సి ఉంది. మన ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో, పొంగలప్పుడు పాడే పాటలని రికార్డు చేసి పెట్టాలనే ఆలోచన ఉంది గదా. తమిళ మాటలు కలిసిన పాటలు వద్దు, శుద్ధమైన తెలుగువే ఉండాలి అని కొందరు పెద్దలు అంటా ఉన్నారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే, బయటి తెలుగువాళ్ళు వింటే నవ్వకూడదని. కానీ మనం ఈ నేల మీద తరతరాలుగా ఉన్నామని చెప్పేది ఆ కలిసిన మాటలే. అవి తీసేస్తే మిగిలేది ఎక్కడైనా దొరికే పాటలు. ఎల్‌పీ అయితే పక్కకి ఇరవై నిమిషాలే, చోటు లేదనొచ్చు. ఈ కాలంలో పెన్‌డ్రైవులో వందల పాటలు పడతాయి. దేన్నీ విప్పాల్సిన పని లేదు. అన్నీ ఎక్కించండి అని మా మనవి.

బీటిల్స్ విషయంలో మాత్రం గెట్టింగ్ బెటర్ అభిమానులు కోపంగా ఉన్నారని తెలుసు. మీ పదమూడు పాటల వరస నిమిషాలతో సహా కింద రాయండి. ఉత్త పేర్లు రాస్తే లెక్కలోకి తీసుకోం.